ఏటి లంకలో కలపండు

ఆ ఏటికి తూర్పున ఒక అడవి, పడమట ఒక అడవి. తూర్పున దుప్పులు, అడవిదున్నలు, కుందేళ్లు ఉండేవి. పడమట అడవిపందులు, ఎలుగులు, ముళ్లపందులు ఉండేవి. ఏటి మధ్యలో రెల్లు ఒత్తుగా పెరిగిన లంక ఒకటి ఉండేది. ఆ లంకలో గడ్డి మాదంటే మాదని రెండు అడవుల పెద్దలూ ఎప్పుడో తగువు పడ్డారు. తగువు పడ్డవాళ్లు పోయారు, తగువు మిగిలింది. ఈ ఒడ్డు వాళ్లు ఆ ఒడ్డు వాళ్లని పలకరించరు. లంకలో ఎవరూ అడుగు పెట్టరు. ఏటి నీళ్లు మాత్రం రెండువైపుల వాళ్లూ తాగేవాళ్లు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా.

తూర్పు అడవిలో చుక్కమ్మ అనే దుప్పి ఉండేది. ఆమె తమ్ముడు ఈరన్న మందకి కాపలాదారు. మంద మేస్తున్నంతసేపూ గుట్ట మీద నిలబడి గాలి వాసన చూసేవాడు. చిరుత జాడ తగిలితే కూత పెట్టేవాడు. ఆ కూత వినగానే మందంతా ఒక్క దూకుతో పొదలు దాటేది. వాడు గుట్ట మీద ఉన్నాడంటే తల్లులు తల వంచుకుని నిశ్చింతగా మేసేవాళ్లు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. అక్కాతమ్ముళ్ల తల్లి నీళ్లు వెతుక్కుంటూ చాలా దూరం నడిచి, ఎండిపోయిన మడుగు పక్కన పడుకుంది. మళ్లీ లేవలేదు. చుక్కమ్మ ఏడ్చింది. ఈరన్న ఏడవలేదు. మర్నాడు ఎప్పటిలాగే గుట్టెక్కాడు. కాకపోతే మేత మానేశాడు. అడిగితే ఆకలి లేదనేవాడు.

ఎవరింట్లో దుఃఖం జరిగినా పరామర్శకి అందరికంటే ముందు వచ్చేవాడు నక్క పానకాలు. వాడు గుట్ట దగ్గరికి వచ్చి, గాలికి ఎదురుగా మర్యాదగా కూర్చున్నాడు.

"అల్లుడూ, కళ్లు అలా పీక్కుపోయాయేంటి?"

"నిద్ర పట్టడం లేదు మామా."

"అమ్మ గుర్తొస్తోందా?"

ఈరన్న తలూపాడు. మందలో అందరూ వాడిని చిరుత సంగతి అడిగేవాళ్లు, నీళ్ల సంగతి అడిగేవాళ్లు. అమ్మ సంగతి అడిగింది ఈ నక్క ఒక్కడే.

పానకాలు నోట్లోంచి ఊదారంగు పండు ఒకటి తీసి రాతి మీద పెట్టాడు. "ఇది కలపండు. తిని కళ్లు మూసుకుంటే నువ్వెవరి కోసం బెంగపెట్టుకున్నావో వాళ్లు కనిపిస్తారు. నాకేమీ ఇవ్వక్కర్లేదు. మనవాడివి, చూడలేక తెచ్చాను."

ఈరన్న తిన్నాడు. కళ్లు మూసుకోగానే తల్లి వచ్చి వాడి నుదురు నాకింది. ఆమె ఊపిరి వెచ్చదనం కూడా తెలిసింది. ఆ సాయంత్రం వాడు పరుగున వచ్చి, "అక్కా, అమ్మ కనిపించింది," అన్నాడు. చుక్కమ్మ అది కల అనుకుంది. తనకెందుకు రాలేదా అని కాస్త అసూయ కూడా పడింది.

మర్నాడు ఈరన్నే నక్కని వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ మర్నాడు కూడా. పానకాలు కొన్నాళ్లు ఊరికే ఇచ్చాడు. తర్వాత ఒకరోజు పండుని పంజా కింద పెట్టుకుని, "అల్లుడూ, చిన్న పని. ఇవాళ నేను నెమళ్ల పొదవైపు వెళ్తాను. నన్ను చూసి నువ్వు కూత పెట్టకు. అంతే," అన్నాడు.

ఈరన్న నెమళ్ల పొదవైపు చూశాడు, పండువైపు చూశాడు. "సరే మామా," అన్నాడు.

నెమళ్ల గుడ్లు పోయాయి. తర్వాత కుందేళ్ల కూనలు పోయాయి. గుట్ట మీద కాపలా ఉండగా ఇలా ఎలా జరుగుతోందో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి ఒక పొద్దున ఈరన్న గుట్ట మీదే ఒళ్లు తెలియకుండా పడి ఉండగా చిరుత వచ్చింది. కూత లేదు. పూలమ్మ అనే దుప్పి తొలిచూలు బిడ్డ చిట్టి తల్లి పక్కనే మేస్తోంది. పూలమ్మ తల ఎత్తేసరికి పక్కన బిడ్డ లేదు.

మంద ఈరన్నని వెలివేసింది. వాడు ఎదురుచెప్పలేదు. తల వేలాడేసుకుని నక్క ఉండే తుప్పలవైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. చుక్కమ్మ వెనక నుంచి పిలిచింది. వాడు ఆగాడు గానీ వెనక్కి తిరగలేదు.

తూర్పు అడవికి పెద్ద అడవిదున్న భీమయ్య. బలం ఉన్నవాడు, మంచివాడు, కాస్త తొందరపాటువాడు. వాడు పిల్లలందర్నీ పోగుచేసి గిట్టతో నేల తన్నాడు.

"వినండి. కలపండు తిన్నవాడి కొమ్ములు రాలిపోతాయి. నాలుక నల్లగా మాడి ఊడిపోతుంది. ఆ పండు పండించేది పడమటి వాళ్లు. మన వంశం నాశనం చెయ్యాలని పంపిస్తున్నారు. పండు పేరెత్తినవాడిని పొడిచేస్తాను. అర్థమైందా?"

కుర్ర దుప్పులు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. "మన కొమ్ములు ఏటా రాలి ఏటా మొలుస్తాయి కదరా," అంది ఒకటి.

"ఈరన్న నాలుక నిన్న చూశాను. ఎర్రగానే ఉంది," అంది ఇంకొకటి.

"అయితే పెద్దాయన చెప్పేదంతా అబద్ధమే."

ఆ వారంలోనే వాటిలో కొన్ని తుప్పలవైపు వెళ్లడం మొదలుపెట్టాయి.

చుక్కమ్మకి పొద్దుపోవడం కష్టమైపోయింది. గుట్టమీద ఇంకొక కాపలాదారు నిలబడ్డాడు. మంచివాడే. అయినా ఆమె మేస్తూ మేస్తూ తల ఎత్తి అటు చూసేది. ఆ నిలబడ్డ తీరు వేరు, మెడ వంపు వేరు. మళ్లీ తల దించుకునేది. వానలు పడి పచ్చిక లేచింది. లేత చిగుళ్లు కనబడితే వాడికిష్టమని కొన్ని వదిలేసేది. వాటిని వేరే వాళ్లు వచ్చి తినేసేవాళ్లు.

ఒకరోజు ఉండబట్టలేక తుప్పల దగ్గరికి వెళ్లింది. ఈరన్న డొక్కలు లోపలికి పోయి, వెంట్రుకలు ఊడి, ఒణుకుతూ పడుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని ఆశగా తల ఎత్తాడు.

"మామా? పండు తెచ్చావా?"

"నేనురా. అక్కని."

"అక్కా." వాడి చూపులో వెలుగు ఆరిపోయింది. "దార్లో పానకాలు మామ కనిపించాడా?"

"ఇంటికి రా తమ్ముడూ. మందతో నేను మాట్లాడతాను."

"రేపొస్తాను."

"ఇప్పటికీ అమ్మ కనిపిస్తోందా?"

వాడు నేలకేసి చూశాడు. "లేదక్కా. కనిపించడం మానేసి చాన్నాళ్లయింది."

"మరి ఎందుకురా తినడం?"

"తినకపోతే ఎముకల్లో చీమలు పాకుతున్నట్టుంటుంది. ఒళ్లంతా పీకేస్తుంది. అది ఆగడానికి తింటున్నాను."

చుక్కమ్మ వాడి నుదురు నాకబోయింది. వాడు తల పక్కకి తిప్పుకున్నాడు. ఆమె వెనక్కి వస్తుంటే తుప్పల మలుపులో పానకాలు ఎదురొచ్చాడు. ఒళ్లు నున్నగా మెరుస్తోంది. బాగా కండపట్టాడు.

"తమ్ముణ్ని చూసొస్తున్నావా అమ్మాయీ? నాకూ కడుపు తరుక్కుపోతోంది. ఏం చేస్తాం, పడమటి వాళ్లు పాపిష్టి వాళ్లు. పండించి పంపిస్తున్నారు. ఇవ్వకపోతే కుర్రాళ్లు గిలగిల్లాడి చస్తారని నేనే ఏదోలా తెచ్చి పెడుతున్నాను. నువ్వు మాత్రం అటు వెళ్లకు. కనిపిస్తే చీరేస్తారు." నక్క గొంతు తగ్గించాడు. "నీకూ బెంగే కదా. ఇదుగో, తీసుకో. ఇది తింటే ఈరన్న కనిపిస్తాడు. ఇలా కాదు. గుట్ట మీద నిలబడ్డ ఈరన్న."

పండు ఆమె ముందు పెట్టి వెళ్లిపోయాడు.

చుక్కమ్మ ఆ పండుని పెదవులతో పట్టుకుని ఏటి ఒడ్డుకి నడిచింది. నోట్లో దాని తీపి వాసన నిండిపోయింది. పళ్లు నొక్కితే చాలు, గుట్ట మీద మెడ ఎత్తి నిలబడ్డ తమ్ముడు కళ్లముందుకి వస్తాడు. ఆ బొమ్మ కోసం ఆమె ప్రాణం కొట్టుకుంది. పండుని ఇసుక మీద పెట్టింది. మళ్లీ తీసుకుంది. మళ్లీ పెట్టింది. కళ్లు మూసుకుంటే ఒకడు, కళ్లు తెరిస్తే ఒకడు. కళ్లు తెరిస్తే కనబడేవాడు ఒణుకుతున్నాడు, వాడి దగ్గర ఎవరూ లేరు. తనూ కళ్లు మూసుకుంటే వాడికింక ఎవరున్నారు?

ఆమె పండుని నీళ్లలోకి నెట్టేసింది. అది తేలుతూ పోయింది. గుండె బరువు ఆపుకోలేక ఏటివైపు తిరిగి గట్టిగా పిలిచింది.

"ఈరన్నా..."

నీళ్ల మీద ఆ పిలుపు సాగిపోయింది. అది ఆగేలోపు ఆవలి ఒడ్డు నుంచి ఇంకొక గొంతు వినబడింది. బొంగురు గొంతు.

"అంకన్నా..."

చుక్కమ్మ చెవులు నిక్కించింది. రెల్లు పక్కగా, అవతలి గట్టు మీద ముసలి పంది ఒకటి నిలబడి ఉంది. చుక్కమ్మ భయంతో రెండడుగులు వెనక్కి వేసింది. అయినా ఆ గొంతులో ఉన్నదేంటో ఆమెకి తెలుసు. తెలిసిన గొంతుని వదిలి పారిపోలేకపోయింది.

"ఎవర్ని పిలుస్తున్నావు?" అని అడిగింది.

పంది ముట్టె ఎత్తి చూసింది. "నా కొడుకుని. నీకెందుకు? మీ పండు తిని పాడైపోయాడు. ఇల్లు వదిలిపోయాడు. మీ తూర్పు వాళ్లకి నా ఉసురు తగలకపోదు."

"మా పండా? పండించేది మీరు కదా. నా తమ్ముణ్ని అడవికి పనికిరానివాణ్ని చేసింది మీరు."

"మేమా? మా అడవంతా ముట్టెతో తిరగేసి చూడు, ఒక్క తీగ కనబడితే నన్నడుగు."

"మా అడవిలోనూ ఒక్క తీగ లేదు."

ఇద్దరూ నీళ్లకి అటూ ఇటూ నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. ఏరు పారుతున్న చప్పుడే వినబడింది.

"తూర్పు వాళ్లు పండిస్తున్నారని నీకెవరు చెప్పారు?" అని అడిగింది చుక్కమ్మ.

"పానకాలని ఒక నక్క. పాపం, కుర్రాళ్లు చచ్చిపోకుండా వాడే తెచ్చి పెడుతున్నాడు."

"మాకు చెప్పింది కూడా పానకాలే," అంది చుక్కమ్మ మెల్లగా.

ఆ ముసలి పంది పేరు వరాలమ్మ. ఆమె గట్టు దిగి నీళ్ల అంచుదాకా వచ్చింది. "దగ్గరికి రా అమ్మా," అంది. "అరిచి చెప్పుకునే మాటలు కావివి."

ఆ రోజు నుంచి ఇద్దరూ రెండు ఒడ్లా కాపు కాశారు. పానకాలు తూర్పు గట్టు దిగి నీళ్లలోకి వెళ్లడం చుక్కమ్మ చూసింది. లంక అడ్డం రావడంతో ఆ తర్వాత ఏమయ్యాడో ఆమెకి కనబడలేదు. పడమటి గట్టున వరాలమ్మ చూస్తూనే ఉంది. ఎవరూ పైకి రాలేదు. పొద్దు వాలాక మాత్రం నోటినిండా పండ్లతో వాడు పడమటికి వచ్చాడు.

"మీ ఒడ్డున దిగినవాడు పూటంతా మా ఒడ్డున తేలలేదు వదినా," అంది వరాలమ్మ.

"మధ్యలో లంక తప్ప ఇంకేముంది వదినా?"

"మన తగువు పుణ్యాన ఎవ్వరూ కాలు పెట్టని చోటు. వాడికింకేం కావాలి?"

చుక్కమ్మ వెళ్లి భీమయ్యకి చెప్పింది. వాడు వింటూనే ముక్కుతో బుసకొట్టాడు. "పందితో మాట్లాడావా? ఆ ఒడ్డు వాళ్లతో? ఇది వాళ్ల ఎత్తు. లంకలోకి మనల్ని లాగి ముంచుతారు."

"పెదనాన్నా, మీరు కొమ్ములు రాలతాయని చెప్పారు."

"భయపెడితే మానతారని చెప్పాను."

"రాలవని తెలియగానే మీ మాట మీద నమ్మకం పోయింది. నా తమ్ముడికి మొదటిరోజు ఆ పండు ఎంతో బాగుంది. వాడికి అమ్మ కనిపించింది. ఆ మాట దాచిపెడితే తిన్న ప్రతివాడూ మనల్నే అబద్ధాలకోరులంటాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పనివ్వండి. ఆ తర్వాత ఏమైందో కూడా చెప్తాను."

భీమయ్య ఇంకా తల విదిలిస్తూ ఉండగానే మందలో కలకలం రేగింది. వరాలమ్మ ఒంటరిగా ఏరు ఈదుకుంటూ వచ్చి తూర్పు గట్టెక్కుతోంది. ఆమె పుట్టాక ఆ గట్టెక్కిన పంది లేదు. కుర్రదున్నలు కొమ్ములు వంచి చుట్టుముట్టాయి. ఆమె రొప్పుతూ మధ్యలో నిలబడింది.

"పొడవాలనుంటే పొడవండి," అంది. "పొడిచేముందు నా కొడుకు సంగతి వినండి. మీ ఇంట్లో కూడా అదే జరిగుంటే అప్పుడు చెప్పండి."

ఆమె అంకన్న గురించి చెప్పింది. చుక్కమ్మ ఈరన్న గురించి చెప్పింది. తీపి, అమ్మ, కూతలేని పొద్దు, ఎముకల్లో చీమలు, ఏదీ దాచలేదు. వింటున్నవాళ్లలో ఒక దున్న, "మా పెద్దాడు కూడా ఇలాగే ఒణుకుతున్నాడు," అంది. ఒక కుందేలు, "మా తోడికోడలు," అంది. కుర్ర దుప్పులు ఈసారి అబద్ధమనలేదు. ఎందుకంటే చెప్పిన ప్రతిమాటా వాటికి తెలిసినదే, లేదా రేపో మాపో తెలియబోయేదే. భీమయ్య వంచిన కొమ్ముల్ని మెల్లగా ఎత్తి, "ఏం చేద్దామంటావమ్మా?" అని వరాలమ్మని అడిగాడు. ఆ ఒడ్డు వాళ్లని 'అమ్మా' అన్నది అదే మొదలు.

వేసవికి ఏట్లో నీళ్లు మోకాలి లోతుకి దిగాయి. చుక్కమ్మ పానకాలు దగ్గరికి వెళ్లి, "మామా, మందంతా దిగులుగా ఉంది. అందరికీ కావాలి," అంది. వరాలమ్మ కూడా అదే మాట అడిగింది. నక్క సంతోషానికి అంతులేదు. మర్నాడు పొద్దున్నే లంకలోకి వెళ్లి, రెల్లు మీద అల్లుకున్న తీగల్లోంచి పండ్లు కోసి గుట్టగా పోస్తున్నాడు. ఇంతలో నీళ్ల చప్పుడు వినబడింది. తూర్పు నుంచి దున్నలు, దుప్పులు బారుగా దిగి వస్తున్నాయి.

పానకాలు భయపడలేదు. ఇలాంటి రోజు వస్తే ఏం చెప్పాలో వాడికి ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంది. పడమటివైపు పరుగెత్తి గొంతు చించుకుని అరిచాడు.

"పడమటి వాళ్లారా, లేవండి. తూర్పు వాళ్లు దండెత్తి వస్తున్నారు. మీ లంక పోయింది. మీ పిల్లలకి పండు పెట్టినవాళ్లు వాళ్లే. తరిమికొట్టండి."

రెల్లు కదిలింది. ఒక్కొక్కటిగా పందులు బయటికి వచ్చాయి. ముందు వరాలమ్మ.

"ఎవరొస్తున్నారు పానకాలూ?"

"దున్నలు వదినా. కొమ్ములు వంచుకుని వస్తున్నాయి."

"వాళ్లని మేమే రమ్మన్నాం."

నక్క గిరుక్కున తిరిగి తూర్పువైపు పరుగు తీశాడు. "భీమయ్య బాబూ, మోసం జరిగింది. పందులు లంకంతా నిండిపోయాయి. వెనక్కి పొండి, వెనక్కి."

"తెలుసు," అన్నాడు భీమయ్య తాపీగా నీళ్లలోంచి లంక ఎక్కుతూ. "తీగ పీకడం మాకొచ్చు, దాని దుంప తవ్వడం రాదు. అందుకే వాళ్లని పిలిచాం."

రెండు ఒడ్ల వాళ్లూ చుట్టూ నిలబడ్డారు. నక్క మధ్యలో కూర్చుండిపోయాడు. "నేను ఎవరి నోట్లోనైనా కుక్కానా? వాళ్లే అడిగారు. బెంగతో ఉన్నవాళ్లకి ఓదార్పు ఇచ్చాను. తప్పా?"

"నువ్వెప్పుడైనా తిన్నావా?" అని అడిగింది చుక్కమ్మ.

వాడు పండ్ల గుట్ట నుంచి పక్కకి జరిగాడు.

వరాలమ్మ వాడికి దగ్గరగా వచ్చింది. "నా అంకన్న ఎక్కడ?"

"నాకేం తెలుసు వదినా."

"నువ్వు చూసుంటావు. చెప్పు."

నక్క చూపు పక్కకి తిప్పుకున్నాడు. "వరద రోజుల్లో... పండు కోసం నా వెనకపడి వాడే ఏట్లో దిగాడు. రావద్దని ఇక్కడి నుంచి అరిచాను. వినలేదు. ఆ చెట్టు మొద్దు దగ్గర దాకా కనబడ్డాడు. తర్వాత కనబడలేదు."

వరాలమ్మ వాడు చూపించిన చోటుకేసి చూసింది. ఇప్పుడక్కడ నీళ్లు గులకరాళ్ల మీద పల్చగా పారుతున్నాయి. ఇన్నాళ్లూ ప్రతి సాయంత్రం ఆమె పిలిచింది ఆ నీళ్లకి ఎదురుగా నిలబడే. ఆమె మెల్లగా కాళ్లు మడిచి ఇసుక మీద కూర్చుంది. చుక్కమ్మ వెళ్లి ఆమె పక్కన ఆనుకుని కూర్చుంది. అందరి కళ్లూ వాళ్ల మీదే ఉన్నాయి. ఆ సందు చూసుకుని పానకాలు నోటికందిన పండ్లు కరుచుకుని నీళ్లలోకి జారిపోయాడు. ఏటి వాలున కిందికి పరుగు తీశాడు.

కాసేపటికి వరాలమ్మ లేచింది. ముట్టె నేలలోకి గుచ్చి మొదటి దుంప పెకలించింది. దున్నలు తీగలు లాగాయి. పందులు దుంపలు తవ్వాయి. ఎలుగులు వాటిని గోళ్లతో చీల్చి ఎండబెట్టాయి. లంకలో గడ్డి ఎవరిదన్న మాట ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

పండు లేని తొలి రోజులు ఈరన్నకి నరకం. వాడు తన్నుకున్నాడు, అక్కని తిట్టాడు, పారిపోబోయాడు. చుక్కమ్మ వాడికి అడ్డంగా పడుకుంది. ఏట్లో నీళ్లు నోట్లో పట్టి తెచ్చి వాడి పెదవులు తడిపింది. అటు ఒడ్డు నుంచి వరాలమ్మ చల్లదనానికి తుంగదుంపలు తవ్వి పంపింది. ఒణుకు తగ్గుతూ, మళ్లీ వస్తూ, మళ్లీ తగ్గుతూ వాన మొదలయ్యేసరికి వాడు నాలుగు కాళ్ల మీద నిలబడగలిగాడు.

ఒకరోజు పూలమ్మ వచ్చింది. వాడికి దూరంగా ఆగింది.

"నా బిడ్డ పేరు నీకు తెలుసా?"

"చిట్టి," అన్నాడు ఈరన్న తల దించుకుని.

"నిన్ను క్షమించడానికి రాలేదు. ఆ నక్క పండ్లు పట్టుకుని కిందకి పోయాడు. అక్కడ కూడా అడవులున్నాయి. అక్కడ కూడా పిల్లలున్నారు. వాళ్లకి చెప్పు. నా చిట్టి సంగతి కూడా చెప్పు."

ఆమె వెళ్లిపోయాక ఈరన్న గట్టు దిగాడు. తర్వాత ఏరు దాటి వరాలమ్మ దగ్గరికి వెళ్లాడు.

మొదట పడమటి పిల్లల ముందు నిలబడ్డాడు. "మొదటిరోజు బాగుంటుంది," అని మొదలుపెట్టాడు. "బాగుండదని చెబితే మీరు నమ్మరు. నాకు మా అమ్మ కనిపించింది."

"నిజంగానా?" అంది పందిపిల్ల ఒకటి.

"నిజంగానే. కొన్నాళ్లకి కనిపించడం మానేసింది. ఇంకొన్నాళ్లకి అమ్మ ముఖమే నాకు జ్ఞాపకం లేకుండా పోయింది. ఇప్పుడు ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు. బెంగపెట్టుకుంటే అమ్మ జ్ఞాపకమైనా మిగిలేది. దాన్ని కూడా ఆ పండుకే ఇచ్చేశాను." కాస్త ఆగాడు. "మీలో ఎవరికైనా బెంగగా ఉంటే నక్క అడిగేదాకా ఉండకండి. పక్కవాళ్లకి చెప్పండి. పెద్దవాళ్లూ, మీరే ముందు అడగండి. నన్ను ఎవరూ అడగలేదు."

అప్పుడు ఆ పందిపిల్లని వాళ్లమ్మ దగ్గరికి లాక్కుంది. తర్వాత ఇంకేం మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

రెండు అడవుల వాళ్లూ కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చారు. ఏరు ఎక్కడిదాకా పారుతుందో అక్కడిదాకా ఉన్న అడవులన్నిటికీ తమ వాళ్లని పంపాలి. వెళ్లేది జంటగా వెళ్లాలి, ఈ ఒడ్డు వాళ్లొకరు, ఆ ఒడ్డు వాళ్లొకరు. ఎక్కడ కొత్త తీగ మొలిచినా అందరికీ కబురందాలి. ముందుగా బయల్దేరింది ఈరన్న, వరాలమ్మ.

వెళ్లే రోజు ఈరన్న అక్క దగ్గరికి వచ్చాడు. "అక్కా, అమ్మ నుదుటి మీద చుక్కలెలా ఉండేవి?"

"ఎడమ కన్ను మీద రెండు కలిసిపోయి ఉండేవిరా. వేపాకులా."

"గొంతు?"

"నీ గొంతే."

వాడు ఆ మాటలు మనసులో పెట్టుకుని, వరాలమ్మ వెనక ఏటి వాలున నడుచుకుంటూ వెళ్లాడు. చుక్కమ్మ గట్టు మీద నిలబడి వాళ్లు కనుమరుగయ్యేదాకా చూసింది. ఇంటికొచ్చాక బెంగ మొదలైంది. మేస్తూ మేస్తూ వాడిప్పుడు ఎక్కడున్నాడో, ఏ నీళ్లు తాగుతున్నాడో అనుకునేది. ఆ బెంగలో నొప్పి ఉంది. అయినా దాన్ని దేనితోనూ చెరిపేసుకోవాలని ఆమెకి ఒక్కసారి కూడా అనిపించలేదు.

పానకాలు ఏటి వాలున పడి చాలా దూరం వెళ్లాడు. కండ కరిగింది. ఎక్కడో ఒక కొత్త అడవిలో, చెరువుగట్టున ఒంటరిగా కూర్చున్న కుందేలు వాడి కంట పడింది. చూడగానే వాడికి అర్థమైంది, ఎవరినో పోగొట్టుకున్నట్టుంది. ఒళ్లు దులుపుకుని, గాలికి ఎదురుగా మర్యాదగా కూర్చున్నాడు.

"ఏం అల్లుడూ, అలా ఉన్నావేంటి? ఎవరైనా గుర్తొస్తున్నారా?"

కుందేలు వాడిని పైనుంచి కిందికి చూసింది. "గుర్తొస్తున్నారు. మా నాన్న. మా వాళ్లందరికీ చెప్పాను. సాయంత్రాలు నాతో వచ్చి కూర్చుంటున్నారు. అదుగో, వస్తున్నారు." చెరువు మలుపులో కుందేళ్లు, వాటి వెనక ఒక ముసలి పంది, ఒక దుప్పి కనబడ్డాయి. "నువ్వు పానకాలువి కదూ?"

నక్క నోట్లోని పండు బురదలో పడిపోయింది. దాన్ని తీసుకోకుండానే లేచి, తోక ముడుచుకుని, వచ్చిన దారినే పోయాడు. ఆ తర్వాత ఎన్ని అడవులకి వెళ్లినా వాడికంటే ముందు వాడి పేరు వెళ్లింది.

నీతి: పక్కవాడి బెంగని మనమే ముందు అడిగి, ఉన్న నిజం దాచకుండా చెప్పి, ఆ ఒడ్డు ఈ ఒడ్డు అనకుండా కలిసి నిలబడితే, మత్తు పంచేవాడికి ఏ అడవిలోనూ చోటు దొరకదు.